కూరలో కలిపిన మందు

తిరువూరులో గది అద్దెకు తీసుకుని ఉండే ఒంటరి మగవాళ్లను ఎవరినైనా అడగండి, మధ్యాహ్నం అన్నంలోకి కూర ఎక్కడ కొంటారని. బస్టాండు దగ్గర శివపార్వతి కర్రీ పాయింటు పేరే చెబుతారు. బ్యాంకువాళ్లు, బదిలీ మీద వచ్చిన పంతుళ్లు, డ్యూటీ దిగిన కండక్టర్లు, అందరికీ ఆవిడ సాంబారే దిక్కు. పదకొండున్నరకల్లా షట్టరు లేస్తుంది. గోంగూర పప్పు అయిపోయిందంటే అయిపోయినట్టే, ఎంత బతిమాలినా మర్నాడు రావాల్సిందే. నిన్నటి కూరను వేడిచేసి ఇవాళ అమ్మడమనేది ఆవిడ ఇంటావంటా లేదు.

శివపార్వతిది రెడ్డిగూడెం. మేనత్త కొడుకు కిరీటినే చేసుకుంది కాబట్టి అతను పెళ్లికి ముందూ బావే, పెళ్లయ్యాకా బావే. ఎకరం మామిడితోట కౌలుకిచ్చి, ఒక్కగానొక్క కూతురు హాసిని చదువు కోసమని టౌనుకి వచ్చారు. మామిడి సీజన్లో కిరీటి లారీలో లోడు వెంట నాగపూర్ దాకా వెళ్లొస్తాడు. మిగతా ఏడాదంతా షాపులో కూరలు కవర్లలో పోసి దారం చుట్టే పని అతనిది. ఇంకో పని కూడా ఉంది, అసలైన పని అదే. రోజూ షట్టరు ఎత్తే ముందు శివపార్వతి ఒక్కో గిన్నెలోంచి కాస్త తీసి అతని అరచేతిలో వేస్తుంది. అతను కళ్లు మూసుకుని నాకి తీర్పు చెబుతాడు. ఉప్పు రవ్వంత పడాలంటాడు, ఇంగువ మార్చావా అంటాడు, ఈ చింతపండు పోయినేటిది కదూ అంటాడు. ఒక్కనాడు తప్పు చెప్పింది లేదు. అలాంటి నాలుకున్న మనిషికి తెలియకుండా కూరలో మందు కలిపేస్తానని అనుకుంది చూడండి ఈ మహాతల్లి, అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు నొప్పి సంగతి చెప్పాలి. పోయిన చలికాలంలో మొదలైంది. పొత్తికడుపులో ఒకటే పోటు. కూర్చుంటే ఒకలా, లేస్తే ఒకలా. తెల్లబట్ట అవుతోంది, దానికో పాడు వాసన. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. నెల మధ్యలో కూడా మరకలు కనబడుతున్నాయి. ఆ మాట మొగుడితో చెప్పుకోవడానికే మొహం చెల్లలేదు, ఇక డాక్టరుతో ఏం చెబుతుంది. కూరగాయలు తరిగే మేరమ్మతో మాత్రం అంది.

"వేడమ్మా అది, ఒట్టి వేడి," అని తేల్చేసింది మేరమ్మ. "పొద్దస్తమానం ఆ పొయ్యిల ముందు నిలబడితే వేడి చెయ్యక ఏం చేస్తుంది? సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు, చలవ చేస్తుంది."

తాగింది. సబ్జా నీళ్లు తాగింది, బార్లీ తాగింది, పల్చటి మజ్జిగ చెంబులకు చెంబులు తాగింది. ఎండాకాలం వస్తే మామిడిపండు ముక్క నోట పెట్టలేదు, వేడి చేస్తుందని. మామిడితోటలో పుట్టిన మనిషికి అదేం శిక్షో ఆలోచించండి. నొప్పి మాత్రం చలవకీ లొంగలేదు, వేడికీ లొంగలేదు.

చివరికి వాళ్లమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ ఆలోచించకుండానే చెప్పేసింది. "మనింట్లో ఇది కొత్తేం కాదే. నువ్వు హాసినంత ఉన్నప్పుడే నాకు గర్భసంచి తీసేశారు. మీ అక్కకీ తీసేశారు. మీరు ఒక్క పిల్ల చాలనుకున్నారుగా, ఇంక ఆ సంచితో పనేముంది? తీయించేసుకుంటే పీడా పోతుంది. నర్సింగ్ హోంలో నేను మాట్లాడతాలే."

అక్క గీతాంజలికి ముప్పై నిండకుండానే గర్భసంచి తీసేశారు. ఆ తర్వాత గీతాంజలి ఎలా ఉందో శివపార్వతి కళ్లారా చూసింది. పుష్యమాసంలో కూడా పమిట చెంగుతో విసురుకుంటుంది. మెట్లెక్కాలంటే మోకాళ్లు పట్టుకుంటుంది. అయినదానికీ కానిదానికీ ఏడుస్తుంది, ఎందుకు ఏడ్చానా అని మళ్లీ ఏడుస్తుంది. నలభై రాని ఆడదానికి అరవై ఏళ్ల ఒళ్లు వచ్చింది. ఆ ఒళ్లు తనకి వద్దు. పొయ్యి ముందు నిలబడి బతికే మనిషికి నడుమూ కాళ్లూ పోతే ఇంకేముంది? శివపార్వతికి ఒక్కసారిగా భయం వేసింది, నిజమైన భయం.

ఆ రాత్రి కిరీటికి చెప్పింది, పొత్తికడుపులో నొప్పని, అమ్మ ఆపరేషన్ అంటోందని. అతను సెల్లులోంచి తల ఎత్తలేదు.

"తీయించేసుకోరాదూ," అన్నాడు. "అత్త చెప్పిందంటే ఊరికే చెబుతుందా? గొడవ వదిలిపోతుంది."

బావ తన బాధ చూడలేక అన్నాడనుకుంది పిచ్చిది. ఆ మాట అప్పటికి అలాగే వదిలేసింది.

అయినా ఆపరేషన్‌కి ముందు ఒకసారి చూపించుకుందామని, తనే బయలుదేరి డాక్టర్ షాహిస్తా దగ్గరికి వెళ్లింది. షాహిస్తా ఈ ఊరి పిల్లే, విజయవాడలో చదివొచ్చి ఆడవాళ్ల క్లినిక్ పెట్టుకుంది. ఆవిడ ఇంటికీ వారంలో రెండుసార్లు శివపార్వతి రసమే వెళుతుంది. డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించింది, కడుపేమన్నా వచ్చిందేమో చూసింది, లోపల పరీక్ష చేసింది. గర్భసంచి ముఖద్వారం తాకగానే శివపార్వతి కెవ్వుమంది. తర్వాత స్కానింగ్ కూడా అయ్యాక కుర్చీలో కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"ఇది వేడి కాదు పార్వతిగారూ, ఇన్‌ఫెక్షన్. కింద నుంచి క్రిములు పైకెక్కి గర్భసంచికి, పక్కనుండే ట్యూబులకి పట్టాయి. వాపొచ్చింది. దీనికి సంచి తియ్యక్కర్లేదు, మందులున్నాయి. ఒక ఇంజక్షన్ ఇప్పుడే ఇస్తాను. పద్నాలుగు రోజులు బిళ్లలు వాడాలి. నాలుగో రోజుకి నొప్పి తగ్గిపోతుంది, తగ్గిందికదా అని ఆపేస్తారు చాలామంది. ఆపకూడదు. నిర్లక్ష్యం చేస్తే ట్యూబులు మచ్చకట్టి మూసుకుపోతాయి, నొప్పి జీవితాంతం ఉండిపోతుంది."

శివపార్వతి ప్రాణం లేచొచ్చింది. సంచి తియ్యక్కర్లేదన్న ముక్క ఒక్కటే చెవిలో మోగుతోంది. కానీ డాక్టరమ్మ ఇంకా అయిపోలేదు.

"మీవారిని కూడా తీసుకురావాలి. ఆయనా మందు వాడాలి. ఈ క్రిములు చాలావరకు కలయిక వల్లే వస్తాయి. మగవాళ్లలో చాలామందికి పైకి ఏమీ తెలీదు, లోపల మాత్రం ఉంటాయి. మీరొక్కరే వాడితే తగ్గినట్టే తగ్గి మళ్లీ అంటుకుంటుంది. ఇద్దరి కోర్సూ పూర్తయ్యేదాకా దూరంగా ఉండండి."

"ఎక్కడి నుంచి వచ్చిందండీ నాకు?" అని అడిగింది శివపార్వతి.

"అది నేను చెప్పలేనమ్మా. ఎప్పటిదో కూడా చెప్పలేం. అన్నీ కలయిక వల్లే అని కూడా కాదు. ఎవరి తప్పని వెతకడం కాదు ఇప్పుడు పని. ఇద్దరికీ తగ్గాలి, అంతే."

డాక్టరమ్మకేం, అంతే అనేసింది. ఇంటికి నడిచి వస్తుంటే శివపార్వతికి దారి కనబడలేదు. బావా, నువ్వు కూడా మందు మింగాలి అంటే ఏమిటి అర్థం? నువ్వు ఎక్కడో తిరిగొచ్చావు అన్నట్టేగా. పోనీ తిరగలేదు అంటే? నీకెక్కడ అంటిందే అని అతను తన మొహం వంక చూస్తే? ఆ చూపు తను భరించగలదా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బావ తప్ప వేరే లోకం లేని మనిషి తను. దొంగతనం చెయ్యకపోయినా పోలీసుని చూస్తే గుండె కొట్టుకునే మనుషులుంటారే, అలా కొట్టుకుంది ఆవిడ గుండె.

తన బిళ్లలు తను వేసుకుంది. మర్నాడు మళ్లీ వెళ్లి, బావ లోడు మీద వెళ్లాడని డాక్టరమ్మకి అబద్ధం చెప్పింది. ఏ మందన్నా పడదా, వేరే జబ్బులున్నాయా అని అడిగి, వచ్చాక తప్పకుండా పంపమని మరీమరీ చెప్పి, అతని కోసం కూడా రాసిచ్చింది షాహిస్తా. ఆ క్యాప్సూల్స్ తెచ్చి పప్పుల డబ్బాల వెనక పెట్టింది. ఆ రాత్రి ఒకటి విప్పి, లోపలి పొడి కిరీటి పెరుగన్నంలో కలిపి, పైన ఇంత ఆవకాయ వేసి పెట్టింది. అతను తిన్నాడు. ఏమీ అనలేదు. ఆవకాయ ఘాటు కాపాడిందనుకుని గుండెల మీద చెయ్యేసుకుంది.

అలా కొన్నాళ్లు సాగింది. ఒకరోజు షాపు వెనక గదిలో క్యాప్సూల్ విప్పుతుంటే మేరమ్మ చూసింది. సంగతి విని నోటి మీద చెయ్యేసుకుంది.

"ఓ దేవుడా! నీకేమన్నా మతిపోయిందా పార్వతమ్మా? తిండిలో ఏదో కలుపుతోందని ఒక్కడికి తెలిస్తే చాలు, రేపటి నుంచి మన సాంబారు కుక్క కూడా ముట్టదు. మొగుడేగా, మొహం మీద చెప్పెయ్యొచ్చుగా!"

"చెప్పలేకే కదా మేరమ్మా ఈ తిప్పలు," అంది శివపార్వతి, కళ్లనీళ్లు పెట్టుకుని.

తన బిళ్లలు పూర్తయ్యాయి. నొప్పి తగ్గింది. ప్రాణం హాయిగా ఉంది. ఒకరాత్రి బావ దగ్గరికి వస్తే, అతని మందు ఇంకా కొంచెం మిగిలే ఉన్నా వద్దనలేకపోయింది. ఎందుకు వద్దంటున్నావని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఊరుకుంది. మూడు వారాలు తిరగలేదు, అదే పోటు, అదే జ్వరం మళ్లీ మొదలయ్యాయి.

ఈసారి షాహిస్తా బాగా కోప్పడింది. జరిగినదంతా చెప్పించుకుని తల పట్టుకుంది. "పెరుగులో కలిపారా? పాలూ పెరుగూ తగిలితే ఆ మందు బలం తగ్గుతుందమ్మా. ఆయన కంచంలో ఎంత తిన్నాడో, ఎంత వదిలేశాడో మీకేం తెలుసు? ఆ పొడి అలా తింటే గొంతులో పుండు పడొచ్చు. అయినా ఒక మనిషికి చెప్పకుండా మందు పెట్టడమేంటండీ? ఆయన్ని నా దగ్గరికి తీసుకురండి. ఈసారి మీ చేతికి ఇవ్వను." శివపార్వతికి మాత్రం మళ్లీ మందులు మొదలుపెట్టింది.

సరే తీసుకొస్తానంది. ఇంటికొచ్చాక నాలుక కదల్లేదు. డబ్బా వెనక, తనకి తగ్గాక కలపడం మానేసిన క్యాప్సూల్స్ ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. పెరుగొద్దన్నారు కదా, చేదుగా ఉండే కూరైతే మందు చేదు తెలియదు కదా అనుకుంది. మరి తెలివితేటలంటే అలా ఉండాలి. కాకరకాయ పులుసు పెట్టింది.

కిరీటి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. కళ్లు మూసుకుని నాలుక మీద అటూ ఇటూ తిప్పాడు. షాపులో తీర్పు చెప్పే మొహమే అది. కళ్లు తెరిచి కంచం పక్కకి నెట్టాడు.

"ఇది కాకరకాయ చేదు కాదు," అన్నాడు. "ఆవకాయ కింద కూడా ఇదే చేదు తగిలింది నాకు. నీ చెయ్యి కదా అని తిన్నా కొన్నాళ్లు. ఏం కలుపుతున్నావ్ పార్వతీ?"

శివపార్వతి ఆ కంచం తీసేసింది. అతను చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి కిరీటి ఇంట్లో అన్నం మానేశాడు. ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తింటున్నాడు. కర్రీ పాయింటు యజమాని ఎదుటి హోటల్లో తినడమంటే ఊరికి ఎంత కాలక్షేపమో మీరే ఊహించుకోండి. అంతకంటే ఘోరం, అరచెయ్యి చాపడం మానేశాడు. శివపార్వతి గరిటెతో కూర పట్టుకుని నిలబడితే మొహం తిప్పుకున్నాడు. ఆ రోజు పప్పులో ఉప్పు ఎక్కువై, కొన్న పంతులు సాయంత్రం వచ్చి మరీ చెప్పాడు.

ఇంతలో అమ్మ నుంచి ఫోను. నర్సింగ్ హోంలో మాట్లాడేసిందట, సోమవారం చేరమన్నారట. ఇక్కడ మొగుడు అన్నం ముట్టడు, అక్కడ అమ్మ బట్టలు సర్దుకుంటోంది. వీళ్లిద్దరి మధ్యా తన పొత్తికడుపులో పోటు అలాగే ఉంది.

ఆదివారం పొద్దున కిరీటి చొక్కా తొడుక్కుంటుంటే ఎక్కడికని అడిగింది. అతను తడబడకుండానే చెప్పాడు. "ఎ.కొండూరు అవతల ఎవరో ఉన్నాట్ట. పసరు పోసి కక్కిస్తాడట, పెట్టుడు మందు ఏదైనా సరే. మీ అమ్మ నీ చేత పెట్టించింది కదూ? నన్ను గుప్పిట్లో పెట్టుకోవడానికా? మా మేనమామ ఇల్లని నమ్మాను చూడు, నాదీ బుద్ధి తక్కువ."

శివపార్వతికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి దగ్గొచ్చింది. గుప్పిట్లో పెట్టుకోవడమట! వశపరుచుకునే మందులు పెట్టే ఆడదానిలా కనబడుతోందా తను? బావ పసరు తాగి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడేమోనన్న భయం ఒకటి, తనెంత సిగ్గుపడి ఎవరి కోసం ఇదంతా చేసిందో అన్న ఉక్రోషం ఒకటి. పప్పుల డబ్బాలు జరిపి, మిగిలిన క్యాప్సూల్స్ తెచ్చి మంచం మీద పడేసింది.

"ఇదిగో, ఇదీ నేను పెట్టింది. డాక్టర్ షాహిస్తాగారు రాసిచ్చింది. నాకు గర్భసంచికి ఇన్‌ఫెక్షన్ ఉంది బావా. నువ్వు కూడా వాడితేనే నాకు తగ్గుతుందంది. నీతో చెప్పడానికి నోరు రాలేదు. చెబితే నిన్ను అనుమానించినట్టవుతుందని, నువ్వు బాధపడతావని దొంగచాటుగా కలిపాను. తప్పే. నా వంటకి నేనే ద్రోహం చేశాను. కానీ నీకు హాని చెయ్యాలని కాదు. ఇంక నీ ఇష్టం, వెళ్లి కక్కుకుంటానంటే కక్కుకో."

కిరీటి మంచం మీద కూర్చున్నాడు. ఒక క్యాప్సూల్ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. కోపంగా లేచి నీకెక్కడ అంటిందే అంటాడని, ఆ మాట కోసమే ఎదురుచూస్తూ నిలబడింది శివపార్వతి. అతను ఆ మాట అనలేదు.

"నాకూ వచ్చింది," అన్నాడు. "రెండు సీజన్ల కింద. నాగపూర్ నుంచి వచ్చాక. ఒంటేలుకి వెళ్తే మంట. ఆర్‌ఎంపీ దగ్గర గుట్టుగా రెండు సూదులు వేయించుకున్నా. మంట పోయింది. పోయింది కదా అని..."

"నాగపూర్లో ఏం చేశావు?"

"తప్పు చేశా. ఒక్కసారే. డ్రైవరు తీసుకెళ్లాడు. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా."

నాగపూర్ సంగతి శివపార్వతి గుండెలో గుచ్చుకుంది, గుచ్చుకోలేదంటే అబద్ధం. కానీ అంతకంటే పెద్దదొకటి ఆవిడకి అప్పుడే తట్టింది. తను నెలల తరబడి సబ్జా నీళ్లు తాగుతుంటే ఈయనకి తెలుసు. పూర్తిగా కాకపోయినా కొంతైనా తెలుసు.

"మరి నాకు నొప్పి అని చెప్పిన రోజు నీకు తట్టలేదా బావా?"

అతను తల దించుకున్నాడు. "తట్టింది."

"తట్టీ తీయించేసుకోమన్నావా? గొడవ వదిలిపోతుందన్నావే, ఎవరి గొడవ? నీదా? నీ గుట్టు బయట పడకుండా ఉండాలని నా కడుపు కోయించుకోమన్నావా?" గొంతు లేచిపోయింది. "మా అక్కని చూశావుగా! అలా అయిపోయేదాన్ని కదా నేను! నీ పరువు పోతుందేమోనని నేను ఇన్నాళ్లు చచ్చాను. నువ్వు నా ప్రాణం గురించి ఒక్క పూట ఆలోచించలేదు."

కిరీటి ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు. జీవితంలో మొదటిసారి అతను ఏడుస్తుంటే చూస్తూ నిలబడింది. తర్వాత ఫోన్ తీసి వాళ్లమ్మకి చేసింది.

"అమ్మా, రావద్దు. ఆపరేషన్ లేదు. అవునే, ఖాయంగానే చెబుతున్నా. సంచి తియ్యాల్సిన రోగం కాదది, మందులకి తగ్గేదే. ఇంకేం అడక్కు."

ఫోన్ పెట్టేసి కిరీటి వైపు తిరిగింది. "రేపు షాపు లేదు. నాతో వస్తున్నావు."

సోమవారం కర్రీ పాయింటు షట్టరు లేవలేదు. షాహిస్తా క్లినిక్‌లో జనం కిటకిటలాడుతున్నారు. సగం మంది మొహాలు తెలిసినవే, బెంచీ మీద కూర్చున్న బ్యాంకాయన భార్య పలకరింపుగా నవ్వి, ఇవాళ కూరలు లేవేంటండీ అంది. శివపార్వతి ఆవిడ పక్కన కూర్చుని ఊరికే నవ్వింది. కౌంటరు దగ్గరికి వెళ్లలేదు. ఇక్కడి నుంచి నడవాల్సింది తను కాదు, బావేనని ఆవిడ పొద్దున్నే నిశ్చయించుకుంది.

కిరీటి ఒక్కడే కౌంటరు ముందు నిలబడ్డాడు.

"పేషెంటు పేరండీ?" అంది చీటీలు రాసే అమ్మాయి.

"శివపార్వతి."

ఆ అమ్మాయి రాసి చీటీ చింపి ఇచ్చింది. కిరీటి చీటీ తీసుకుని వెనక్కి తిరిగాడు. శివపార్వతి అతని వంకే చూస్తోంది. అతను మళ్లీ కౌంటరు వైపు తిరిగాడు.

"ఇంకో చీటీ రాయమ్మా. కిరీటి."

"మీకా? ఇక్కడ లేడీస్‌కే కదండీ చూసేది. మీకేంటి ప్రాబ్లం?" ఆ పిల్ల గొంతు కాస్త పెద్దది. బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. బ్యాంకాయన భార్య కూడా తలెత్తి చూసింది.

కిరీటి చెవులు ఎర్రబడ్డాయి. కౌంటరు అంచు పట్టుకున్నాడు. "ఆవిడకున్నదే నాకూ," అన్నాడు, అందరికీ వినబడేంతగానే. "నా వల్లే వచ్చింది ఆవిడకి. డాక్టరుగారు ఇద్దర్నీ రమ్మన్నారు."

ఆ పిల్ల ఇంకేం అడక్కుండా రెండో చీటీ రాసింది. అతను రెండూ పట్టుకుని వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు బెంచీ ముందు నిలబడిపోయాడు. శివపార్వతికి కోపం పోలేదు, ఇప్పట్లో పోదని ఆవిడకీ తెలుసు. అయినా కాస్త పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది.